క్రాంక్ షాఫ్టు కొసన ఆ బరువెందుకు?

మోటారు కారు ఇంజను ముందు భాగాన బెల్టులు చుట్టుకొని తిరిగే చక్రాలలో అన్నిటికంటె క్రిందుగా ఉండేది క్రాంక్ షాఫ్టు పుల్లీ. చూడటానికి అందులో విశేషమేమీ కనబడదు. ఆల్టర్నేటరును, నీటి పంపును, ఏ.సి. కంప్రెసరును త్రిప్పడానికి బెల్టు కావాలి. బెల్టు తిరగడానికి గాడి గల చక్రం ఒకటి కావాలి. ఆ మాత్రం పనికి అంత ఇనుప ముద్ద దేనికని ఎవరికైనా తోచవచ్చును. 1990 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో చిన్న చిన్న జపాను కార్లను కొని, వాటిని పందెపు కార్లుగా మార్చుకొనే యువకులకు సరిగ్గా అదే తోచింది. రెండు మూడు కిలోల పుల్లీని ఊడదీసి, ఆ స్థానంలో అల్యూమినియం దిమ్మ నుంచి లేతు మీద తీసిన అరకిలో, ముప్పాతిక కిలో పుల్లీని బిగించడం ఒక వేడుక అయింది. వేడుక కాస్తా వ్యాపారమైంది. అమ్మేవారు ఇంజను బలం పెరుగుతుందన్నారు. ఇంజన్లు విప్పి కట్టే మేస్త్రీలు కొందరు క్రాంక్ షాఫ్టు విరుగుతుందన్నారు. ఈ వాదం నేటికీ తెగలేదు. ఇరుపక్షాలవారు చూపే నిదర్శనాలూ నిజమైనవే కావడం ఇందులోని చిక్కు. ఆ ఇనుప ముద్ద అక్కడికి ఎందుకు వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో తెలుసుకుంటే గాని ఈ చిక్కు వీడదు.

అందుకు మొదట తెలియవలసినది ఒకటి ఉన్నది. క్రాంక్ షాఫ్టు ఎంత గట్టి ఉక్కుతో చేసినా అది పూర్తిగా బిర్రుగా ఉండే వస్తువు కాదు. అది కూడ ఒక స్ప్రింగే. తడిబట్టను పిండేటప్పుడు రెండు చేతులతో మెలిపెట్టినట్లుగా, ఇంజను నడిచినంతసేపూ అది మెలిపడుతూ, విడుతూ ఉంటుంది. 75 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలిండరులో పెట్రోలు ఆవిరి మండి, చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ప్రాంతాల పీడనం పుట్టిందనుకుందాం. అప్పుడు పిస్టన్ తల మీద పడే బలం రెండున్నర టన్నులు దాటుతుంది. ఈ దెబ్బ ఎడతెగని ఒత్తిడిగా కాక, సుత్తి పోటులాగ తగులుతుంది. షాఫ్టు వెనుక కొసన బరువైన ఫ్లైవీల్ ఉన్నది. కుమ్మరి సారె లాగ అది ఒకే వేగంతో తిరగాలని చూస్తుంది గాని, పోటు తగిలిందని తొందరపడదు. ముందు కొసన అటువంటి స్థిరత్వం లేదు. కనుక పోటు పడినప్పుడల్లా ముందు కొస రవ్వంత ముందుకు పోయి, వెంటనే వెనుకకు వస్తుంది. తిరుగుడు సాగుతూ ఉండగానే, దానిమీద ఈ వణుకు. దీనినే మెలికంపనం అంటారు.

ఏ స్ప్రింగుకైనా తనదైన ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. సెకండుకు ఇన్ని మారులు ఊగడం దాని స్వభావం. ఉయ్యాల ఊగే వేళకు సరిగా చేయి వేస్తూ పోతే, చిన్నపిల్ల త్రోసినా అది ఆకాశాన్ని అందుకుంటుంది. సిలిండర్లలోని పోట్లు షాఫ్టు స్వభావానికి సరిపడే లయలో పడినప్పుడు కూడ ఇంతే. దీని పేరు అనునాదం. అప్పుడు విరుగుడు భయానికి పెద్ద పోటు అక్కరలేదు.

ఈ సంగతిని మొదట నేర్పినవి కార్లు కావు, ఓడలు. ఓడలోని ఆవిరి యంత్రానికీ, వెనుక నీళ్ళలో తిరిగే ప్రొపెల్లరుకూ నడుమ పొడుగాటి ఉక్కు షాఫ్టులు ఉండేవి. లెక్క ప్రకారం ఎంతో బలం మిగులు పెట్టి చేసిన షాఫ్టులు నడిసముద్రంలో విరిగిపోయేవి. ఉక్కులో లోపమన్నారు, పోతలో లోపమన్నారు. హాంబర్గులోని బ్లోమ్ ఉండ్ ఫాస్ ఓడల కర్మాగారపు ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్, నడుస్తున్న ఓడలలోని షాఫ్టుల మెలిని స్వయంగా కొలిచి, 1902లో ఆ ఫలితాలను ప్రకటించాడు. కొన్ని నిర్దిష్టమైన వేగాల దగ్గర షాఫ్టు మెలి, యంత్రపు సగటు బలాన్ని బట్టి రావలసినదానికంటె ఎన్నో రెట్లు పెరిగిపోతున్నదని ఆ కొలతల వల్ల తేలింది. అనగా షాఫ్టు బలహీనమైనది కాదు. దాని లయకు యంత్రపు లయ తోడైనది. ఫ్రామ్ ఇంతటితో ఊరుకోలేదు. ఊగే వస్తువుకు, అదే లయలో ఊగే మరొక చిన్న బరువును స్ప్రింగుతో తగిలిస్తే, ఊపునంతా ఆ చిన్న బరువే తన మీద వేసుకుంటుందని కనిపెట్టి 1909లో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈ చిన్న బరువు సంగతి ముందు మళ్ళీ వస్తుంది.

ఫ్రామ్ ఓడల మీద కుస్తీ పడుతున్న సంవత్సరాలలోనే ఇంగ్లండులో మోటారు కార్లకు ఆరు సిలిండర్ల మోజు పట్టింది. నేపియర్ కంపెనీ కార్లను అమ్మిపెట్టే సెల్విన్ ఎడ్జ్ ఇందుకు ఆద్యుడు. 1904 నుంచి నేపియర్ ఆరు సిలిండర్ల కార్లు బజారులోకి వచ్చాయి. నాలుగింటికంటె ఆరు సిలిండర్లు మెత్తగా నడుస్తాయి, మాట నిజమే. కాని సిలిండర్లు పెరిగిన కొద్దీ వాటి క్రింది షాఫ్టు పొడుగవుతుంది. పొడుగైన కొద్దీ సులభంగా మెలిపడుతుంది, దాని సహజ పౌనఃపున్యం తగ్గిపోతుంది. తగ్గి తగ్గి ఇంజను రోజూ నడిచే వేగాల మధ్యకే దిగివస్తుంది. ఆ కార్లు ఒక వేగానికి రాగానే ఇంజనులో గడగడమని మ్రోత పుట్టేది. ఎడ్జ్ గడుసువాడు. అది లోపం కాదనీ, ఇంజను బలానికి గుర్తనీ కొనేవారికి నచ్చజెప్పి, ఆ మ్రోతకు ఒక ముద్దుపేరు కూడ పెట్టాడని చెప్పుకుంటారు. అమ్మకపు విద్యలో ఆయన ఎవరికీ తీసిపోడు గాని, ఆ మ్రోత మాత్రం షాఫ్టు పెడుతున్న మొర.

రోల్స్ రాయిస్ వారికి కూడ ఈ బెడద తప్పలేదు. 1905లో వారు తెచ్చిన 30 అశ్వసామర్థ్యపు ఆరు సిలిండర్ల కారులో క్రాంక్ షాఫ్టులు విరిగాయి. హెన్రీ రాయిస్ తరువాతి ఇంజనులో షాఫ్టును బాగా లావు చేశాడు. జంటలు జంటలుగా ఉన్న సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోసి, షాఫ్టుకు ఏడు బేరింగులు ఏర్పాటు చేశాడు. 1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనలో కనిపించిన ఆ 40/50 కారే, మరుసటి ఏడు 15,000 మైళ్ళ పరీక్షకు నిలిచి 'సిల్వర్ ఘోస్ట్' అనే పేరుతో ప్రఖ్యాతి పొందింది. లావు షాఫ్టు లావుగా మెలిపడదు. అంటే దాని లయ ఇంజను వేగాలకు అందని ఎత్తుకు జరిగిందన్నమాట. అయితే బలం పెరగాలి, వేగం పెరగాలి అన్నప్పుడల్లా షాఫ్టును లావు చేసుకుంటూ పోవడం కుదరదు గదా. రాయిస్ ఆ తరువాత షాఫ్టు ముందు కొసన ఒక చిన్న ఫ్లైవీలును, గట్టిగా బిగించకుండా, స్ప్రింగులతో అదిమిన ఘర్షణ పలకల నడుమ జారేటట్లు అమర్చాడు.

అదే కాలంలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ వేరే దారిన అదే చోటికి వచ్చాడు. మోటారు కార్లు, విమానశాస్త్రం, యుద్ధంలో బలాబలాల గణితం, ఇన్నిటిలో చేయి పెట్టిన మేధావి ఆయన (1868–1946). 1909లో డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా కుదిరాడు. అక్కడి ఆరు సిలిండర్ల ఇంజన్లలోనూ షాఫ్టుల జబ్బే. 1910లో ఆయన పేటెంటు తీసుకున్న సాధనంలో పలుచని పలకలు ఒకటి విడిచి ఒకటిగా కొన్ని షాఫ్టుకు, కొన్ని విడిగా తిరిగే చిన్న ఫ్లైవీలుకు తగిలించబడి ఉంటాయి. నడుమ నూనె ఉంటుంది. ఎవరు ముందు అనే తగవు రాయిస్ పక్షానికీ లాంచెస్టర్ పక్షానికీ చాలాకాలం నడిచింది. ఒకే అవసరం ఇద్దరు సమర్థులను తరిమినప్పుడు ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి. దానిని గురించి ఎక్కువగా చర్చించడం వల్ల లాభం లేదు.

ఇందులోని యుక్తి ఎంత సులువైనదో చూడండి. షాఫ్టు ముందు కొస తిరుగుతూ వణుకుతున్నది. జారుడుగా ఉన్న చిన్న ఫ్లైవీల్ తిరుగుడును మాత్రం అందుకుంటుంది, వణుకును అందుకోదు. తన జడత్వం చేత నిలకడగా తిరుగుతూ ఉంటుంది. అప్పుడు వణికే షాఫ్టుకూ, వణకని చక్రానికీ నడుమ రాపిడి పుడుతుంది. ఆ రాపిడిలో వణుకు శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఉయ్యాలను ఎవరో త్రోస్తూ ఉండగా, మరొకరు నేల మీద కాలు రాస్తూ కూర్చున్నట్లు. ఈ సాధనమే డ్యాంపరు. అమెరికాలో మేస్త్రీలు దీనిని 'హార్మోనిక్ బాలన్సరు' అంటారు. లాంచెస్టరే కనిపెట్టిన మరొక సాధనానికి, అంటే నాలుగు సిలిండర్ల ఇంజను ఎగిరిపాటును అణచడానికి ఎదురెదురుగా తిరిగే జంట షాఫ్టులకు, న్యాయంగా చెందవలసిన పేరిది. పేరు తారుమారు కావడం వల్ల ఒక భ్రమ పుట్టింది. డ్యాంపరు పని తూకం సరిచేయడమనీ, ఇంజను లోపలనే తూకం సరిగా ఉంటే డ్యాంపరు అక్కరలేదనీ చాలామంది నమ్ముతారు. తేలిక పుల్లీలు అమ్మేవారి ప్రచారంలో ఈ మాట తరచు కనబడుతుంది. తూకం వేరు, మెలి వేరు. బంగారం తూచే త్రాసులో తూచినట్లు సమం చేసిన షాఫ్టు కూడ పోట్లకు మెలిపడుతుంది. ఉక్కు ఉక్కుగా ఉన్నంతకాలం పడుతూనే ఉంటుంది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. రాపిడి పలకలు అరిగిపోతాయి, వాటి పట్టు మారిపోతుంది. అందుచేత మొదటి ప్రపంచ యుద్ధానంతర కాలంలో రబ్బరు ముందుకు వచ్చింది. లోపల ఒక ఇనుప నాభి, దాని చుట్టు రబ్బరు పట్టీ, దానిపై బరువైన ఇనుప వలయం. ఇప్పుడు ఫ్రామ్ చిన్న బరువును జ్ఞాపకం చేసుకోవాలి. రబ్బరు స్ప్రింగుగా, వలయం బరువుగా, షాఫ్టు లయకు శ్రుతి కలిపిన సాధనమిది. రబ్బరు నలిగి వేడెక్కుతుంది కనుక రాపిడి పని కూడ అదే చేస్తుంది. వెస్టింగ్ హౌస్ కంపెనీలో పనిచేస్తున్న ఆర్మన్ డ్రాయిడ్, డెన్ హార్టోగ్ అనే ఇద్దరు 1928లో ఈ శ్రుతికీ రాపిడికీ గణితం కట్టారు. రాపిడి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా చెడుపే; నడుమ ఒక ఉత్తమమైన పాలు ఉన్నదని చూపారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పెద్ద డీజిలు ఇంజన్లలో చిక్కని సిలికోన్ ద్రవం నింపిన మూసిన డబ్బాలు వచ్చాయి. వాటిలో నిజానికి లాంచెస్టర్ ఊహే మళ్ళీ ప్రాణం పోసుకున్నది.

విమానాలవారు మరింత చమత్కారమైన దారి త్రొక్కారు. షాఫ్టుకుండే ప్రతిభారాలనే వ్రేలాడే లోలకాలుగా చేశారు. గోడగడియారపు లోలకాన్ని భూమి లాగుతుంది. వీటిని అపకేంద్ర బలం లాగుతుంది. ఇంజను వేగంతో పాటు ఆ లాగుడూ పెరుగుతుంది కనుక, లోలకపు లయ వేగాన్ని బట్టి తానే సర్దుకుంటుంది. నక్షత్రాకారపు విమాన ఇంజన్ల కోసం మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని ఇ. ఎస్. టేలర్ దీనిని 1936లో వివరించాడు. పిస్టన్ విమానాలలో ఈ ఏర్పాటు నేటికీ కనిపిస్తుంది. త్రాటిలును ఒక్కసారిగా మూసి తెరిచే పైలట్ ఆ లోలకాల శ్రుతి చెడగొట్టి షాఫ్టుకు హాని చేయగలడని వారికి ప్రత్యేకంగా హెచ్చరికలు చేస్తారు.

ఇంత చరిత్ర గల వస్తువు చివరకు బెల్టు చక్రంతో కలిసిపోయి, చూసేవారికి ఉత్త పుల్లీగా మిగిలింది. బెల్టు గాడులను వలయం మీదనే కోస్తే ఒక వస్తువు ఆదా అవుతుంది గదా అని ఫ్యాక్టరీలవారు అట్లా చేశారు. తేలిక పుల్లీ తగాదాకు మూలం ఇక్కడ ఉన్నది. పుల్లీని మార్చానని అనుకున్నవాడు, చాలా సందర్భాలలో, డ్యాంపరును పారవేశాడు.

లాభమెంత వస్తున్నదో కూడ లెక్క చూడటం న్యాయం. 15 సెంటీమీటర్ల వ్యాసం గల రెండున్నర కిలోల పుల్లీకి బదులు అంతే వ్యాసం గల 0.7 కిలో పుల్లీ పెట్టారనుకుందాం. రెండూ నిండు బిళ్ళలే అనుకుంటే, జడత్వ భ్రామకంలో తగ్గుదల 0.005 కిలోగ్రాం-చదరపు మీటరు. చక్రం అర్ధవ్యాసం 30 సెంటీమీటర్లై, మొదటి గేరులో చక్రం ఒక చుట్టుకు ఇంజను 13 చుట్లు తిరుగుతుంటే, ఈ తగ్గుదల కారులో నుంచి సుమారు తొమ్మిదిన్నర కిలోల సామాను దించివేయడంతో సమానం. చివరి గేరులో, 3.2 చుట్ల లెక్కన, అరకిలో కంటె కాస్త ఎక్కువ. 1,200 కిలోల కారుకు ఇది ఏ మూలకు? పైగా ఇది వేగం పెరుగుతున్నప్పుడు దక్కే లాభమే. ఒకే వేగంతో తిరిగే చక్రం బరువైనదైనా, తేలికైనదైనా ఇంజను బలాన్ని తినదు. బరువైన రోలరును కారు ఎంత త్వరగా వేగానికి తెస్తుందో చూసి బలం లెక్కకట్టే డైనమోమీటరు మీద అంకె కొద్దిగా పెరిగి కనబడుతుంది. అక్కడ తగ్గిన జడత్వం పెరిగిన బలం వేషం వేసుకుంటుంది. చిన్న వ్యాసం గల పుల్లీ సంగతి వేరు. అది ఆల్టర్నేటరును, పంపులను నెమ్మదిగా త్రిప్పుతుంది కనుక నిజంగానే కొంత బలం మిగులుతుంది. కాని ట్రాఫిక్కులో ఆగి ఉన్న కారులో బ్యాటరీకి చార్జి, ఇంజనుకు నీరు ఆ మేరకు తగ్గుతాయి.

ఇక ముప్పు మాట. ఇది ఇంజనును బట్టి మారుతుంది. వరుసగా ఆరు సిలిండర్లున్న ఇంజను షాఫ్టు సహజ పౌనఃపున్యం సెకండుకు 300 అనుకుంటే, చుట్టుకు మూడు పోట్లు పడే ఆ ఇంజనులో నిమిషానికి 6,000 చుట్ల దగ్గర పోట్లు సరిగా ఆ లయలో పడతాయి. పోటులో ఇమిడి ఉన్న రెట్టింపు లయ 3,000 చుట్ల దగ్గరే అందుకుంటుంది. రెండూ డ్రైవరు రోజూ చేరే వేగాలే. అటువంటి ఇంజను నుంచి డ్యాంపరు తీయడం తెలిసి చేయవలసిన పని కాదు. నాలుగు సిలిండర్ల షాఫ్టు పొట్టిది, బిర్రయినది. దాని పౌనఃపున్యం 450 అనుకుంటే, చుట్టుకు రెండు పోట్ల ప్రధాన లయ 13,500 చుట్ల దగ్గర గాని కలవదు. ఏ కారూ అంత దూరం పోదు. రెట్టింపు లయ 6,750 దగ్గర, మూడు రెట్ల లయ 4,500 దగ్గర తగులుతాయి గాని, వాటి పోటు మెత్తనిది. అందుకే చిన్న ఇంజన్లు కొన్ని ఫ్యాక్టరీ నుంచే డ్యాంపరు లేకుండా వచ్చాయి. మరికొన్నిటిలో రబ్బరు బెల్టు చప్పుడు తగ్గించడానికే ఉంటుంది. తేలిక పుల్లీ వేసి లక్ష మైళ్ళు తిరిగానని చెప్పేవాడు అబద్ధమాడనక్కరలేదు. అతని ఇంజను అటువంటిది కావచ్చును. పుల్లీ తేలికైతే షాఫ్టు లయ కొంచెం పైకి జరుగుతుందని వారు చేసే వాదం కూడ సరియైనదే. కాని పైకి జరిగిన లయను అణచడానికి అక్కడ రాపిడి లేదు.

పందెపు కార్లవారు డ్యాంపరు లేకుండా నడపడం లేదా అని అడుగుతారు. కొందరు నడుపుతారు. వారు కొన్ని గంటలు నడిపి ఇంజను విప్పి షాఫ్టును పరీక్షిస్తారు. అమెరికా డ్రాగ్ పందాలలో మాత్రం వేగమైన తరగతుల కార్లకు మరింత గట్టి డ్యాంపరు ఉండి తీరాలనే నిబంధన ఉన్నది. పాత పోత ఇనుప వలయాలు అధిక వేగంలో పగిలి చెదరడమే అందుకు కారణం. అంటే ప్రమాదం చూసినవారు కూడ డ్యాంపరును మానలేదు, బలపరిచారు.

విరుగుడు వెంటనే కనబడకపోవడానికి కారణం లోహపు అలసట. పంతొమ్మిదవ శతాబ్దంలో ప్రష్యా రైళ్ళ ఇరుసుల మీద ఆగస్ట్ వ్యోలర్ చేసిన పరీక్షల నాటి నుంచి తెలిసిన విషయమిది. ఒక్కసారి మోపితే ఉక్కు లెక్కచేయని బరువే, లక్షల సార్లు తిరగమరగ మోపితే దానిని చీలుస్తుంది. సెకండుకు 300 మెలికలంటే గంటకు 10,80,000. ఉక్కును పరీక్షించేవారు సాధారణంగా తృప్తిపడే కోటి మెలికలు తొమ్మిదిన్నర గంటలలోపే పూర్తవుతాయి. అయితే కారు ఆ గడ్డు వేగం దగ్గర ఒక్కసారి ఉండేది నాలుగైదు సెకండ్లు. అందుచేత ఆ గంటలు కూడటానికి కొందరికి ఒక ఏడు పడుతుంది, కొందరికి పదేళ్ళు. అంతలో కారు మరొకరికి అమ్ముడుపోతుంది.

విరిగినప్పుడు కూడ నేరస్థుడు దొరకడు. ముందు కొస ఎక్కువగా ఊగుతుంది గాని, మెలి బలం ఎక్కువగా ఉండేది వెనుక, ఫ్లైవీల్ దగ్గర. చీలిక తరచు నూనె రంధ్రం అంచున మొదలై, షాఫ్టుకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో పాకుతుంది. ముందు మార్చిన పుల్లీకి వెనుక విరిగిన షాఫ్టును ముడిపెట్టడం మేస్త్రీకి తోచదు. షాఫ్టుకంటె ముందు దాని ముక్కు మీద కూర్చున్నవి దెబ్బతినవచ్చును. అనేక ఇంజన్లలో నూనె పంపు పళ్ళచక్రాన్ని షాఫ్టు ముక్కే నేరుగా త్రిప్పుతుంది. లోహపు పొడిని అదిమి కాల్చి చేసిన ఆ చక్రం పెళుసైనది. వణికే ముక్కు దానిని రెండు వైపులా కొడుతుంది. అది పగిలితే నూనె ఆగుతుంది. నూనె ఆగిన ఇంజను నిమిషాలలో పట్టుకుంటుంది. అప్పుడు కూడ నెపం నూనె మీదనే పడుతుంది.

కనుక పుల్లీని మార్చదలచినవారు మొదట పాత పుల్లీ ముఖాన్ని చూడాలి. నాభికీ వలయానికీ నడుమ నల్లని రబ్బరు గీత కనిపిస్తే అది ఉత్త పుల్లీ కాకపోవచ్చును. ఆ ఇంజను తయారుచేసినవారి పుస్తకం దానిని డ్యాంపరు అన్నదా, పుల్లీ అన్నదా అని చూసుకోవాలి. ఆ గీతను మరొక కారణానికి కూడ చూడటం మంచిది. పదిహేను ఇరవై ఏళ్ళ వేడికి, నూనె మరకలకు రబ్బరు బీటలు వారి పట్టు వదులుతుంది. వలయం నాభి మీద జారుతుంది. వలయం మీద చెక్కిన టైమింగు గుర్తు దానితో పాటే జరిగిపోయి, పాత కార్లను ట్యూన్ చేసే మేస్త్రీలను తప్పుదారి పట్టించడం కద్దు. ఏ తేలిక పుల్లీ కొననివారి కారులో కూడ డ్యాంపరు ఇట్లా ఎప్పుడో పనిమాని ఉండవచ్చును. బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.